పప్పు తీసేసిన చెక్కలు

జులై 7, సోమవారం

ఈ డైరీ మా ఇంట్లో ఎవరూ చదవరు. చదివే తీరిక ఈ ఇంట్లో నాకొక్కడికే ఉంది. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

ఇవాళ నాకు అవమానం జరిగింది. అమ్మాయి రసజ్ఞ ఇడ్లీ తింటూ ఫోన్ చూసి, "అమ్మా, వారం మొత్తానికి నీ వెబ్‌సైటుకి ఐదు విజిట్లు. అందులో మూడు నాన్నవే" అంది. నా భార్య పుణ్యవతి పకపకా నవ్వింది. నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా చేసి కాకినాడలో రిటైరయిన మనిషిని నేను. నా గదిలోకి జనం రాకుండా ఆపడానికే ఒక ప్యూను ఉండేవాడు. అలాంటి నాకు జనాన్ని రప్పించడం ఒక లెక్కా?

రసజ్ఞకి మాదాపూర్‌లో ఉద్యోగమని నల్లగండ్లలో ఫ్లాటు తీసుకుని వచ్చాం. పుణ్యవతి చేసిన పప్పు చెక్కలు ఒక డబ్బా పట్టుకుని పిల్ల ఆఫీసుకెళ్ళింది. అప్పటినుంచి ఆ ఆఫీసువాళ్ళు, వాళ్ళ స్నేహితులు అడిగి మరీ చేయించుకుంటున్నారు. ఇంకా పదిమందికి తెలియాలని పిల్ల ఒక ఆదివారం కూర్చుని వెబ్‌సైటు చేసిచ్చింది. దాన్ని చూసుకునే బాధ్యత నాది. జనం రావడం లేదు. మాదాపూర్‌లో ప్రశాంత్ అనే కుర్రాడికి ఏజెన్సీ ఉందట, చిన్న వ్యాపారాలకు ట్రాఫిక్ పెంచుతాడట. నెలాఖరు ఆదివారం ఇంటికి వస్తాడట. సైటు అతనికి అప్పజెప్పేద్దామంది పుణ్యవతి.

"మరి నేను?" అన్నాను.

"మీరు పెరుగు ప్యాకెట్లు తెద్దురు గాని."

అసలు సంగతి వెబ్‌సైటు కాదు. ఈ ఇంట్లో ఇప్పుడు పనున్న మనిషి ఆవిడ. పొద్దున్న లేస్తే ఆవిడ కోసం ఫోన్లు, ఆవిడ కోసం మనుషులు. ఆవిడ పనిలో నాకూ కాస్త భాగం కావాలి. ఈ మాట నోటితో అనలేను. అందుకని గంభీరంగా, "నెలాఖరు వరకు గడువియ్యి. ట్రాఫిక్ అంటే ఏమిటో చూపిస్తాను" అన్నాను.

సరేనంది. నవ్వుతూనే అంది.

జులై 8, మంగళవారం

పాస్‌వర్డు మర్చిపోయాను. రసజ్ఞకి ఆఫీసుకి ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నానంది. మళ్ళీ చేశాను. మళ్ళీ మీటింగులోనే ఉంది.

జులై 10, గురువారం

రెండు రోజులుగా ట్రాఫిక్ పెంచడం మీద వీడియోలు చూస్తున్నాను. కోటు వేసుకున్న ఒక కుర్రాడు చెబుతాడు. విషయం తెలిసినవాడే కాని, మధ్యమధ్యలో "ఫ్రెండ్స్" అంటాడు. అది నాకు నచ్చదు. వాడు చెప్పిన సూత్రాలు మాత్రం మా శాఖ సర్క్యులర్లంత స్పష్టంగా ఉన్నాయి. పేజీలో ఫొటోలు ఎక్కువైతే పేజీ నెమ్మదిస్తుంది, జనం వెళ్ళిపోతారు. జనం వెతికే మాట పదే పదే రావాలి. మాట ఎంత చిన్నదైతే అంత ఎక్కువమంది వెతుకుతారు.

వెంటనే కార్యరంగంలోకి దిగాను. చెక్కల ఫొటోలన్నీ తీసేశాను. సంస్థకు ఒక ముఖం ఉండాలి గనుక నా రిటైర్మెంటు సభ నాటి ఫొటో ఒక్కటి పెట్టాను. "పప్పు చెక్కలు" అని ఉన్న చోటల్లా "పప్పు" కొట్టేశాను. అనవసరపు బరువు. ఇప్పుడు పేజీ మీద పెద్ద అక్షరాలతో "పుణ్యవతి చెక్కలు, నల్లగండ్ల" అని ఉంది. చూడముచ్చటగా ఉంది.

పుణ్యవతికి చెప్పాను. పొయ్యి దగ్గర నుంచే, "పప్పు తీసేస్తే ఇక అందులో ఏం మిగిలిందండీ?" అంది. ఆవిడకు వ్యాపారం తెలుసు గాని ట్రాఫిక్ తెలియదు.

జులై 11, శుక్రవారం

పేజీకి వ్యాసం రాశాను. ఒకటికి నాలుగుసార్లు చదువుకున్నాను. ఇన్నేళ్ళు ఫైళ్ళు రాసిన చెయ్యి, ఊరికే పోతుందా?

"నాణ్యమైన చెక్కల కోసం వెతుకుతున్నారా? మా చెక్కలు గట్టివి, మన్నికైనవి. మా చెక్కలు వంకర పోవు, విరగవు. చిన్న ఇంటికైనా, పెద్ద విల్లాకైనా, ఎన్ని చెక్కలు కావాలన్నా తెచ్చి ఇవ్వబడును. చెక్కలు అంటే పుణ్యవతి చెక్కలే."

కింద నా ఫోన్ నంబరు ఇచ్చాను.

జులై 14, సోమవారం

ఒక్కరోజులో నలభైమంది. నేను చూసినవి కాక.

జులై 16, బుధవారం

మూడువందలు దాటారు! తెల్లాపూర్, కొల్లూరు, గోపన్‌పల్లి, అన్ని వైపుల నుంచీ వస్తున్నారు. కొత్త ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకి చిరుతిళ్ళ మీద ఇంత మోజుంటుందని నేనే ముందుగా ఊహించి "విల్లా" అన్న మాట వేశాను. సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఈ అంకె నింపాదిగా ప్రకటించాను. పుణ్యవతి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కూర రెండోసారి వడ్డించింది, అడగకుండానే.

జులై 17, గురువారం

ఫోన్లు మొదలయ్యాయి. మొదటివాడు "ప్లెయిన్‌వా, డిజైన్‌వా?" అన్నాడు. ప్లెయినే అన్నాను. పెట్టేశాడు. రెండోవాడు చెదలు పడతాయా అని అడిగాడు. చీమలు పట్టవచ్చు, మూత గట్టిగా పెట్టుకోండి అన్నాను. ఈ నగరంలో జనానికి శుభ్రత మీద శ్రద్ధ బాగా ఎక్కువ.

మూడో ఆయన మాత్రం అసలైన గిరాకీ. పేరు భాస్కర్. తెల్లాపూర్‌లో ఒక విల్లా పని చూస్తున్నాడట. మా సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ముందు ముందు కొత్తవాళ్ళకు పాఠంగా ఉపయోగపడుతుంది.

"సార్, చెక్కలు గట్టిగుంటయా?"

"పళ్ళు ఊడేంత కాదు గాని గట్టివేనండీ."

"మీరు మంచిగ జోకులేస్తరు సార్. టేకుల ఉన్నయా?"

"టేకాకుల్లో కట్టివ్వడం ఎప్పుడో మానేశామండీ. ఇప్పుడంతా డబ్బాలే."

"నీళ్ళు పడ్తే ఏమన్న అయితదా?"

"నీళ్ళు మాత్రం తగలకూడదండోయ్. మెత్తబడిపోతాయి."

"పాలిష్ గిట్ల మీరే జేసిస్తరా?"

"నూనె పూర్తిగా కారనిచ్చి తీస్తామండీ. ఆ మెరుపు దానంతటదే వస్తుంది."

చివరికి ఆయన, "సరే సార్, ఓనర్‌ని అడిగి జెప్త" అన్నాడు. ఎంత లోతుగా అడిగాడో చూడండి. తినేవాడంటే అలా ఉండాలి.

జులై 19, శనివారం

రసజ్ఞ నా పేజీ చదివి, "నాన్నా, ఇందులో తినేవి అని ఎక్కడుంది?" అంది. చెక్కలు తినక ఏం చేస్తారు అన్నాను. ఏదో చెప్పబోయింది, అంతలో ఫోన్ మోగితే లేచి వెళ్ళింది. పెద్దవాళ్ళ విజయం పిల్లలకు ఒక పట్టాన మింగుడుపడదు.

జులై 21, సోమవారం

ఈ తేదీ గుర్తుంచుకోవాలి. భాస్కర్ ఫోన్ చేశాడు.

"సార్, ఓనర్ ఒప్పుకున్నడు. మూడంతస్తుల విల్లా. వార్డ్‌రోబులన్నిటికీ మీ చెక్కలే పెడ్దమంటున్నడు. వంద కావాలె. శుక్రవారం పొద్దుగాల రావాలె."

వార్డ్‌రోబుల నిండా చెక్కలు దాచుకునే మనుషులు! పెళ్ళో, గృహప్రవేశమో అయి ఉంటుంది. వంద చెక్కలంటే మా ఇంట్లో ముగ్గురం సినిమా చూస్తూ నమిలేస్తాం. వంద డబ్బాలన్న మాట. అది కూడా విడమరచి అడిగితే నా సూపరింటెండెంటు సర్వీసుకి విలువేముంది?

"లారీ మీరే పంపుతరా?" అన్నాడు.

"లారీ ఎందుకండీ, ఆటోలో పట్టేస్తాయి. మిగిలినవి ఒళ్ళో పెట్టుకుని తెస్తాను."

ఆయన చాలాసేపు నవ్వాడు. మేమిద్దరం బాగా కలిసిపోయాం.

పుణ్యవతికి చెప్పాను. "వంద అరకిలో డబ్బాలా? ఒకే ఇంటికా?" అని సోఫాలో కూర్చుండిపోయింది. తరువాత నా వైపు చూసి, "మీరు ఎలా చేశారండీ ఇదంతా?" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఈ ప్రశ్న అడగడం ఇదే మొదలు. నేను పక్క గదిలోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఇక్కడ రాస్తే తప్పులేదు.

జులై 23, బుధవారం

ఇల్లు పిండిమరలా ఉంది. కింది ఫ్లాటు అనసూయమ్మగారు సాయానికి వచ్చారు. ఆవిడది ప్రొద్దుటూరు. వచ్చీ రాగానే, "ఏమి పుణ్యవతీ, ఇన్ని నిప్పట్లు ఎవరు తింటారు మే?" అన్నారు. నిప్పట్లు కావండీ, చెక్కలు అని సవరించాను. "మాకు నిప్పట్లే" అని పిండి కలపడంలో పడ్డారు. చదువుకున్నావిడే, అయినా అంతే.

వంటింట్లో అడ్డంగా ఉన్నానని నన్ను బయటికి పంపేశారు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పర్యవేక్షణకు అది చాలు.

జులై 25, శుక్రవారం

రాయాలని లేదు. రాస్తాను.

ఆటోలో వెనక పెట్టెలు, మా ఒళ్ళో పెట్టెలు. పుణ్యవతి కొత్త చీర కట్టుకుంది. తెల్లాపూర్ గేటు దగ్గర కాపలా మనిషి ఆపి, "మెటీరియలా?" అన్నాడు. అవునన్నాను. మెటీరియలయితే వెనక గేటన్నాడు. ఆ ఎండలో ప్రహరీ అంతా చుట్టి వెళ్ళాం.

విల్లాలో ఇంకా సున్నాలు కూడా వేయలేదు. పెళ్ళి వాతావరణమేమీ కనపడలేదు. రంపాలు, సుత్తులు ముందేసుకుని నలుగురు వడ్రంగులు కూర్చున్నారు. చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న మనిషి, భాస్కరే కాబోలు, ఎదురొచ్చి, మమ్మల్ని దాటి రోడ్డు మీదికి తొంగి చూశాడు.

"లారీ ఏది సార్?"

"ఆటోలోనే తెచ్చేశామండీ, వందకి వంద" అని పెట్టె విప్పి ఒక డబ్బా చేతికిచ్చాను. మూత తీశాడు. చూశాడు. ఒకటి బయటికి తీసి వేలి కణుపుతో తట్టాడు.

"ఇవేంది?"

"చెక్కలు."

"ఇవి చెక్కలా? ప్లైవుడ్ ఏది సార్? పలకలేవి? పరేషాన్ జేయకుండ్రి. పొద్దుగాల సంది పనోళ్ళను కూసోవెట్టిన. సాయంత్రం ఓనరొస్తడు, ఆయనకేం జెప్పాలె నేను? వార్డ్‌రోబుకి ఇవి కొట్టాల్నా?"

వడ్రంగుల్లో ఒకడు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. పుణ్యవతి నన్ను చూసింది. "ఏమండీ, ఈయనతో మీరు ఏం మాట్లాడారు?" అంది, చాలా నెమ్మదిగా. నేను మొదటినుంచీ చెప్పుకొచ్చాను. టేకు దగ్గరకు వచ్చేసరికి నాకే అర్థమైపోయింది. పాలిష్ దగ్గర ఆపేశాను.

ఆవిడ భాస్కర్‌తో, "తప్పు మాదే బాబూ. మీ పని చెడింది" అంది. మరో డబ్బా విప్పి వడ్రంగుల ముందు పెట్టింది. భాస్కర్ కోపంతోనే ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకొకటి తీసుకున్నాడు.

"అమ్మా, ఇవి గారెలు గదా! గారెలని రాస్తే నేనెందుకు ఫోన్ జేస్త?"

నాకు ఉన్న కోపమంతా అక్కడ బయటికొచ్చింది. గారె అంటే మినప్పిండితో చేస్తారనీ, మధ్యలో చిల్లు ఉంటుందనీ అన్నాను. "అది మీ దిక్కు సార్. మా దిక్కు గారె అంటే గిదే" అన్నాడు. చిల్లు లేకుండా గారె ఎలా అవుతుందన్నాను. చిల్లు లేనంత మాత్రాన చెక్క ఎట్లయితదన్నాడు. ఆ ఎండలో మేమిద్దరం చిల్లు గురించి వాదించుకుంటుంటే పుణ్యవతి పెట్టెలు తిరిగి ఆటోలో పెట్టించింది. రెండు డబ్బాలు అక్కడ వదిలేసింది, ఊరికే.

దారంతా పుణ్యవతి ఒళ్ళో పెట్టెలు సర్దుకుంటూ కూర్చుంది. నల్లగండ్ల ఫ్లైఓవర్ ఎక్కాక, "రోజూ వందలమంది వస్తున్నారన్నారే. అందరూ ఇలాంటివాళ్ళేనా?" అంది.

"అందరూ కాదు" అన్నాను. అబద్ధం.

జులై 26, శనివారం

హాలు నిండా డబ్బాలు. అనసూయమ్మగారు నాలుగు తీసుకెళ్ళారు. "నిప్పట్లు" అనే అన్నారు. సవరించలేదు.

జులై 27, ఆదివారం

ప్రశాంత్ వచ్చాడు. ఒత్తుగా గడ్డం, ఒళ్ళో లాప్‌టాప్. మంచినీళ్ళు కూడా తాగకుండా మా సైటు తెరిచాడు. తెరిచి, గడ్డం గోక్కోవడం మానేశాడు.

"సార్, ఈ గ్రాఫ్ చూడండి! రెండు వారాల్లో, రూపాయి యాడ్ లేకుండా! ఇదంతా ఆర్గానిక్!"

"ఆర్గానిక్ కాదు బాబూ, మామూలు బియ్యప్పిండే" అంది పుణ్యవతి.

"ఎవరు చేశారు మేడమ్ ఇది?"

ఆవిడ నా వైపు చూపించింది. అతను లేచి నాకు చేయిచ్చాడు. తన దగ్గర ఇంత పనితనం ఉన్నవాళ్ళు లేరనీ, సలహాదారుగా వారానికి రెండు రోజులు మాదాపూర్ వస్తే చాలనీ, కార్డులో నా పేరు వేయిస్తాననీ అన్నాడు. రిటైరయ్యాక నా పేరు మళ్ళీ అచ్చులో! వాకిట్లోకి ఆఫీసు కారు వచ్చినట్టే అనిపించింది. నోరు మూసుకుని కూర్చుంటే ఆ ఉద్యోగం నాదే. పుణ్యవతి బల్ల మీద చెక్కలు పెట్టి, చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది.

"వీళ్ళంతా కర్ర కోసం వచ్చినవాళ్ళు బాబూ" అన్నాను. "పప్పు అన్న మాట నేనే తీసేశాను. ఒక్కడికీ తినే చెక్కలు అక్కర్లేదు. మొన్న ఒకాయన పని చెడగొట్టి వచ్చాం."

అతను గ్రాఫ్ వైపు చూశాడు. మళ్ళీ నవ్వాడు. "అయితే ఏముంది సార్? ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? క్లయింటుకి గ్రాఫ్ పైకి పోతే చాలు."

"వచ్చి వట్టి చేతులతో వెళ్ళినవాళ్ళకి తెలుస్తుందిగా" అంది పుణ్యవతి. "చెక్కలు తినండి బాబూ. మీకు కబురు చేస్తాంలెండి."

అతను వెళ్ళాక నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడ పళ్ళెం తీస్తూ, "మీ గడువు గురువారం దాకా ఉంది. ముందు ఆ పప్పు పెట్టండి" అంది.

జులై 28, సోమవారం

పప్పు పెట్టాను. ఫొటోలు తిరిగి పెట్టాను. నా ఫొటో తీసేశాను. "పప్పు చెక్కలు" కింద "నిప్పట్లు" అని, దాని కింద "గారెలు" అని కూడా రాశాను. ఆ మూడో మాట టైపు చేయడానికి పదిహేను నిమిషాలు పట్టింది. చెయ్యి రాలేదు.

"మా గురించి" అన్న చోట పాతది కొట్టేసి కొత్తగా రాశాను. పుణ్యవతి గురించి. ఏం రాశానో ఇక్కడ రాయను. ఎవరూ చదవని పేజీలో రాసుకున్నాను, అక్కడే ఉండనీ.

జులై 29, మంగళవారం

ఏడుగురు.

జులై 30, బుధవారం

నలుగురు. ఒకాయన ఫోన్ చేశాడు. టేకు ఉందా అన్నాడు. పాత పేజీ చూశాడట.

జులై 31, గురువారం

గడువు సరి. ఇద్దరొచ్చారు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. రేపటినుంచి పెరుగు ప్యాకెట్లు.

ఆగస్టు 1, శుక్రవారం

రసజ్ఞ ఆఫీసుకు వెళ్ళింది. సైటు అప్పజెప్పేసే ముందు ఆఖరుసారి చూద్దామని తెరిచాను. ఈ క్షణాన ఒక మనిషి మా సైటులో ఉన్నట్టు చూపిస్తోంది. ఊరు హైదరాబాద్. చదువుతున్న పేజీ "మా గురించి". సాధారణంగా వచ్చినవాళ్ళు ఆ పేజీలో చిటికెసేపు కూడా ఉండరు. ఈ మనిషి కదలడం లేదు. నేను కాఫీ తాగేశాను, కప్పు కడిగేశాను, వచ్చి చూస్తే ఇంకా అక్కడే. ఎవరీ మహానుభావుడు అనుకున్నాను. పుణ్యవతికి చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. లేదు.

పడకగదిలో మంచం అంచున కూర్చుని ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దగ్గరగా పట్టుకుని. పొయ్యి మీద ఏమీ పెట్టలేదు.

నన్ను చూసి తల ఎత్తలేదు. "'గాజులు మోచేతి దాకా నెట్టుకుని, వేలి కొసలతో అద్దుతుంది. పిండి చెప్పే మాట ఆ వేళ్ళకు తెలుసు' అని రాశారు. ఇదెప్పుడు చూశారు?"

"రోజూ చూస్తాను."

ఆవిడ చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

"నానబెట్టేది పెసరపప్పని రాశారు. శనగపప్పు. అంత చూసినవాళ్ళు అది చూడలేదా?"

"దిద్దేస్తాను. ప్రశాంత్‌కి ఇచ్చేలోపల..."

"ఆయన్ని రావద్దని ఆదివారమే చెప్పేశాను" అంది. మంచం మీద కొంచెం పక్కకి జరిగింది. "ఆ కంప్యూటరు ఇలా తెండి. నేను చెబుతాను, మీరు కొట్టండి. మీ ఒక్కరికీ వదిలేస్తే పిండిలో సిమెంటు కలుపుతానని రాస్తారు."

తెచ్చాను. ఆవిడ పక్కన కూర్చున్నాను. పెసర కొట్టేసి శనగ రాశాం. తరువాత ఉప్పు గురించి, నూనె గురించి ఆవిడ చెబుతూ ఉంది, నేను రాస్తూ ఉన్నాను. రెండు మాటల దగ్గర పోట్లాడుకున్నాం కూడా. మధ్యాహ్నం దాటేదాకా ఎవరికీ వంట సంగతి గుర్తు రాలేదు.

ఇవాళ సైటుకు వచ్చింది ఒక్క మనిషే. నాకు చాలా సంతోషంగా ఉంది.